పేరు చెప్పని కేకు

మురకామి పట్టణం,
డిసెంబరు 25, పొద్దున

ససాహర బజారు వర్తక సంఘం కార్యదర్శి, గొడుగుల కొట్టు కుజిరాయ్ గారికి,
ఇసోగాయ్ హత్సుయె రాయునది.

మంచు గురించీ మీ ఒంట్లో కులాసా గురించీ నాలుగు వాక్యాలు రాసి మొదలుపెట్టడం మర్యాదే గానీ, ఇవాళ నాకంత ఓపిక లేదు. విషయానికొస్తాను.

నిన్న సాయంత్రం ముల్లంగి తరుగుతుంటే గంట మోగింది. తలుపు తీస్తే ఎర్ర కోటు, ఎర్ర టోపీ, దూది గడ్డం. ఆ మనిషి నా చేతుల్లో కేకు పెట్టె పెట్టి, “మెర్రీ క్రిస్మస్” అని గొణిగి, పరుగందుకున్నాడు. “ఎవరు పంపారు నాయనా?” అని వెనకనుంచి అరుస్తూనే ఉన్నాను. మలుపు దగ్గర మంచులో జారి చతికిలపడ్డాడు, లేచి నడుం పట్టుకుని మళ్ళీ పరుగు. కానుక ఇచ్చేవాడు అలా పారిపోవడం నా డెబ్భై ఒక్క ఏళ్ళలో చూడలేదు.

కేకు తెప్పించుకునే అలవాటు నాకు లేదు. పుడితే షింటో దేవుళ్ళ జింజాకి, పోతే బౌద్ధ గుడికి వెళ్ళే మామూలు ఇల్లు మాది. క్రిస్మస్ అంటే నాకు తెలిసిందల్లా బడి వంటశాలలో ముప్ఫై ఒక్క ఏళ్ళు నాలుగొందల మంది పిల్లలకి తలా ఒక కోడికాలు, తలా ఒక కేకు ముక్క వడ్డించడం.

పెట్టె మీద మీ సంఘం ముద్ర ఉంది. పంపినవాళ్ళ పేరు లేదు. పొరపాటున మా ఇంటికొచ్చిందా? అయితే ఆ మాట చెప్పండి. నాకే అయితే పంపిందెవరో చెప్పండి. కానుక అందుకున్నాక తిరుగు కానుక పంపాలి, అదీ ఏడాది మారేలోపు పంపాలి. ఇది మీకు నేను నేర్పక్కర్లేదు. పెట్టె వసారాలో చల్లటి చోట పెట్టాను.

మీ కొట్టుకొచ్చి అడగొచ్చు కదా అంటారేమో. నా సంగతి మీకు తెలుసు. పదకొండేళ్ళ క్రితం ఇదే క్రిస్మస్ ముందురోజు, ఓతాకె మినెకొ కొత్తగా పెట్టిన కేకుల కొట్లో, వరుసలో ముప్ఫై మంది వింటుండగా, “నీ కేకు గిన్నెలు తోమే పీచులా ఉంది” అన్నాను. ఆవిడ “నా గడప తొక్కకు” అంది. గడపేం ఖర్మ, మీ వీధే తొక్కను అన్నాను. తొక్కలేదు. అందుకే ఈ ఉత్తరం వీధి బయట స్తంభానికున్న మీ ఫిర్యాదుల పెట్టెలో వేస్తున్నాను. ఫోన్ చెయ్యకండి, ఎత్తను.

ఇట్లు,
ఇసోగాయ్ హత్సుయె

తా.క. గడ్డం మా గేటుకి చిక్కుకుని ఉండిపోయింది. ఉతికి ఆరేశాను. దూది నాసిరకం.

●

డిసెంబరు 25, సాయంత్రం

మహారాజ్ఞీ సమానురాలైన ఇసోగాయ్ గారి సన్నిధికి,

మీరు మర్యాద వదిలేసినా మా సంఘం వదలదు కనుక: మంచు మోకాలిదాకా పడుతున్న ఈ రోజుల్లో తమరు క్షేమంగా ఉన్నారని తలచి పరమానందం పొందుతున్నాము.

ఫిర్యాదుల పెట్టెలో ఉత్తరం పడటం నాలుగేళ్ళలో ఇదే మొదలు. తాళంచెవి దొరక్క పెట్టె పగలగొట్టాము.

కేకు పొరపాటున రాలేదు. చిట్టాలో మీ పేరే ఉంది. అయితే ఇంటింటికీ శాంటా పంపే మా సేవకి ఒకే ఒక్క నియమం: పంపినవారు పేరు దాచమంటే దాచాలి. దాని మీద పద్నాలుగు కొట్లవాళ్ళమూ సంతకాలు పెట్టి ముద్రలు వేశాము. శాంటా ఇచ్చిన దానికి తిరుగు కానుక అక్కర్లేదని కూడా మనవి.

పంపినవారు అడిగింది ఒక్కటే. మీరు కేకు తినాలి. ఎలా ఉందో ఒక్క వాక్యం రాసి, ముప్పై ఒకటో తేదీలోపు మాకు పంపాలి. అంతే. ఇవాళ ఇరవై ఐదు. రేపటినుంచి క్రిస్మస్ కేకుని పిల్లి కూడా చూడదన్న సంగతి తమకు తెలియనిది కాదు. దయచేసి ఈ పూటే కానివ్వండి.

మీ విధేయుడు,
కుజిరాయ్

తా.క. 1. సంఘం రికార్డు కోసం చిన్న ప్రశ్న: లోపలి స్పాంజి మెత్తగా ఉందా?

తా.క. 2. గడ్డం అద్దెది, భద్రంగా ఉంచగలరు. శాంటా గారి నడుముకి ప్రమాదమేమీ లేదు. వేడి పట్టీ వేసుకుని ఈ ఉత్తరం రాస్తున్నారని, క్షమించాలి, విశ్రాంతి తీసుకుంటున్నారని తెలిసింది.

●

డిసెంబరు 26

కుజిరాయ్ గారికి,

మీ నియమం మీది, నా నియమం నాది. ఎవరిచ్చారో తెలియని తిండి నేను తినను. మా అమ్మ తినలేదు, మా అత్తగారు తినలేదు. పంపినవాళ్ళ పేరు మీరు రాస్తే, కేకు గురించి నేను రాస్తాను. అప్పటిదాకా ఒక్క ముక్క రాయను.

శాంటా ఇచ్చాడంటారా, సరే, శాంటా చిరునామా ఇవ్వండి. పొద్దున పోస్టాఫీసుకి వెళ్ళి అడిగాను. కౌంటర్లో అమ్మాయి నవ్వకుండా ఫిన్‌లాండ్ అని చెప్పింది. మా చూరుకి వేలాడుతున్న ఉప్పు సాల్మన్ చేప ఒకటి పంపాలమ్మా అంటే, దేశం దాటించడానికి ఆరు కాగితాలు నింపాలంది. నాలుగు నింపాను. ఐదోదానిలో ‘అందుకునేవారి వృత్తి’ అని ఉంది. అక్కడ ఆగాను.

నవ్వుకోండి. కానీ ఒక మాట వినండి. పదకొండేళ్ళలో మా గంట మోగించినవాళ్ళు మీటరు చూసేవాళ్ళూ, ఇంటింటికీ తిరిగే పేట నోటీసు కాగితం అందించే పక్కింటివాళ్ళూ తప్ప ఇంకెవరూ లేరు. పని లేకుండా నన్ను తలుచుకుని ఒకరు కానుక పంపితే, ఆ పేరు నాకు చెప్పరా? చెప్పి తీరాలి.

ఈ పొద్దున మీ వీధి లౌడుస్పీకర్లో గంటల పాట ఆగిపోయి, కొత్త సంవత్సరం కోటో వాయిద్యం మొదలైంది. మా వంటింటిదాకా వినబడుతుంది. రాత్రికి రాత్రి చెట్టు పీకేసి పైన్ కొమ్మలు, వెదుళ్ళు నిలబెట్టేసి ఉంటారు. దేన్నయినా అంత తొందరగా మార్చగలిగే మీరు ఒక్క నియమం మార్చలేరా?

హత్సుయె

తా.క. మీ మొదటి ఉత్తరంలో నన్ను మహారాణితో పోల్చారు. మీ గొడుగు ఒకటి కొన్నాను పదమూడేళ్ళ క్రితం. రెండో వానకే తిరగబడింది.

●

డిసెంబరు 27

ఇసోగాయ్ గారికి, నమస్కారాలతో,

తమ ఉత్తరం పట్టుకుని పంపినవారి దగ్గరికి వెళ్ళాను. వారూ తమలాంటివారే. “ముందు ఆవిడ తిని చెప్పాలి, తరవాతే నా పేరు. పేరు తెలిస్తే నాలుక నిజం చెప్పదు” అన్నారు. మీరేమో ముందు పేరు అంటారు. ఇద్దరి మధ్య నేను తిరగలిలో గింజలా ఉన్నాను.

అమ్మగారూ, మూడో రోజు. స్ట్రాబెర్రీల కింద క్రీము పసుపు పచ్చగా మారుతుందని మా ఆవిడ అంటోంది. నిజంగా పొడిబారిపోయాక తిని “పొడిగా ఉంది” అని మీరు రాస్తే, ఆ పాపం ఎవరిది? కంటికి కట్టు కట్టుకుని తిన్నా సరే, తినండి.

విధేయుడు,
కుజిరాయ్

తా.క. రికార్డు కోసం మళ్ళీ అడుగుతున్నాను. స్పాంజి?

●

డిసెంబరు 27, సాయంత్రం

కుజిరాయ్ గారికి,

మీ సాయం అక్కర్లేదు. నేనే తేల్చుకున్నాను.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఈ దేశంలో ఎవరు ఎవరికి కేకు ఇస్తారు? కుర్రవాడు పిల్లకిస్తాడు. స్టేషన్ ముందు దీపాల కింద జంటలు జంటలుగా చేతులు పట్టుకుని నిలబడేది ఆ సాయంత్రమే. కాబట్టి పంపింది మగవాడు. పేరు దాచాడు కాబట్టి సిగ్గరి. మీ పద్నాలుగు కొట్లలో భార్య లేనివాడు ఒక్కడే. టీ ఆకుల కొట్టు హిరబయాషి గారు. వయసు డెబ్భై తొమ్మిది.

ఆయనకి ఒక సాల్మన్, అన్నిటికన్నా పెద్దది, కొరియర్లో పంపించేశాను. చీటీ కూడా పెట్టాను: “మీ మనసు అర్థమైంది. నా వయసుకి ఇలాంటివి వద్దు. ఇది తిరుగు కానుక. ఇంతటితో సమాప్తం.”

నా బాధ్యత తీరింది.

హత్సుయె

తా.క. మనిషి మంచివాడే. ఆ చెవుల్లో వెంట్రుకలే.

●

డిసెంబరు 28

అమ్మగారూ,

కొంప ముంచారు.

హిరబయాషి గారు మీకేమీ పంపలేదు. పంపాలన్న ఆలోచన కూడా ఆయనకి ఈ జన్మలో రాలేదు. నిన్నటిదాకా రాలేదు. ఇప్పుడొచ్చింది. మీ చీటీ మూడుసార్లు చదివారు. ‘వద్దు’ అని రాశారు కదా అని నేనంటే, “నీకేం తెలుసురా, మంచి ఇంటి ఆడవాళ్ళు మొదటిసారి అలాగే అంటారు” అన్నారు. మంగలి దగ్గరికి వెళ్ళారు. చెవులు కూడా చేయించుకున్నారు. క్రిస్మస్‌కి మిగిలిపోయిన ఎర్ర మఫ్లర్ సగం ధరకి కొని మెడకి చుట్టుకుని వీధంతా రెండుసార్లు తిరిగారు. మీ తిరుగు కానుకకి తిరుగు కానుకగా ఈ ఏటి మొదటి కోత టీ పెద్ద డబ్బా మీకు బయల్దేరింది. అది అందాక మీరు ఊరుకోరు. మీరు పంపాక ఆయన ఊరుకోరు. ఇది ఎక్కడ ఆగుతుంది?

అంతటితో అయిపోలేదు. టోఫు కొట్టు కుమగాయ్ గారు, “హత్సుయె గారు చేపలు పంచుతున్నారట, ఎప్పుడైనా నేనేమైనా ఇచ్చి మరిచిపోయానా?” అని కంగారుపడి, ఎందుకైనా మంచిదని మీకు పది టోఫు పలకలు పంపారు. అది చూసి పక్క కొట్టు చెప్పుల ఆయన ఊరుకోలేక ఒక జత పంపారు.

ఇక అసలు కేకు పంపిన మనిషి. హిరబయాషి గారి సంగతి వినగానే ఆవిడ పళ్ళు కొరికి... వారు పళ్ళు కొరికి, “కేకు నాది, చేప వాడికా” అన్నారు.

కాళ్ళు పట్టుకుంటాను. తినండి. ఒక్క వాక్యం.

కుజిరాయ్

తా.క. చెప్పుల జత సైజు సరిపోకపోతే మార్చి ఇస్తారట.

●

డిసెంబరు 29, పొద్దున

కుజిరాయ్ గారికి,

‘ఆవిడ’ అని రాసి ‘వారు’ అని దిద్దారు. కళ్ళజోడు కొత్తదండీ, రెండూ చదవగలిగాను. అంటే ఆడమనిషి.

ఆవిడగారితో నా మాటగా చెప్పండి: వాక్యం కావాలంటే వచ్చి అడగమనండి. మీ వీధి స్తంభం నుంచి మా ఇల్లు నూట యాభై అడుగులు. గంట పనిచేస్తుంది. సందేశాలు మోయడానికి నడుం విరిగిన మనిషిని పంపక్కర్లేదు. రానంటే నేను ఆగను. చూరుకి ఇంకా పదకొండు చేపలున్నాయి. రేపు గుడి పూజారికి ఒకటి పంపి, మీ ప్రేమ అర్థమైందని రాస్తాను.

హత్సుయె

తా.క. చెప్పులు సరిపోయాయి. ఇప్పుడు ఆయనకేం పంపాలో చెప్పండి.

●

డిసెంబరు 29, సాయంత్రం

ఇసోగాయ్ గారికి,

ఈసారి మంచు లేదు, మర్యాదలు లేవు. సంఘం తరఫున కాదు, నా తరఫున రాస్తున్నాను. నియమం తప్పానని పద్నాలుగు కొట్లవాళ్ళూ నన్ను కార్యదర్శిగా పీకేసినా సరే.

పేరు చెప్పను. మాటిచ్చాను కాబట్టి చెప్పను. పేరు కాక మిగిలింది చెబుతాను.

ఆవిడ ముప్పై ఒకటో తేదీ మధ్యాహ్నం కొట్టు మూసేస్తోంది. సెలవులకి కాదు, ఇంకెప్పటికీ. క్రీము గిలకొట్టే చెయ్యి మణికట్టు దగ్గర పట్టేసింది. డాక్టరు కట్టు కట్టి, ఇంక ఆ పని వద్దన్నాడు. మనిషిని పెట్టుకుందామంటే ఈ ఊళ్ళో దొరకడం లేదు, దొరికినవాళ్ళు ఆవిడ నోటికి రెండు రోజులు ఆగడం లేదు. ఓవెన్‌కి బేరం కుదిరింది, జనవరి రెండో వారం వచ్చి పట్టుకుపోతారు.

ఇరవై నాలుగున నూట అరవై కేకులు అమ్మింది. ఆ తరవాత ఒక్కటి, అన్నిటికన్నా చివర, కట్టు విప్పేసి చేసింది. మూడు పారేసింది. నాలుగోది మీకు పంపింది. ఎందుకని అడిగితే, “పదకొండేళ్ళుగా ప్రతి కేకు కోసినప్పుడూ ఆ మాట వినబడుతూనే ఉంది. నిజంగా పొడిగా ఉందో లేదో తెలియకుండా కొట్టు ఎలా మూయను?” అంది.

అమ్మగారూ, ఆవిడకి మీ సాల్మన్ వద్దు. మీ నోటినుంచి వచ్చే ఒక్క మాట కావాలి. ఉందనో లేదనో. రెండే రోజులున్నాయి.

కుజిరాయ్

తా.క. శాంటా నేనే. నడుం ఇంకా నొప్పిగానే ఉంది.

●

డిసెంబరు 30

కుజిరాయ్ నాయనా,

ఇప్పటిదాకా నిన్ను ‘గారు’ అన్నాను. మాటిచ్చి నిలబడ్డావు, మనిషి బాధ చూడలేక నిలబడి కూడా కదిలావు. ఇక నువ్వు నాకు పరాయివాడివి కావు. శాంటావి నువ్వని మొదటిరోజే తెలుసు. పరుగులో గొడుగులవాడి నడక దాగదు. నాలుగో తరగతిలో నీకు నేను కోడికాలు వడ్డించినప్పుడూ అలాగే పరుగెత్తేవాడివి.

ఒప్పుకోవలసింది ఇంకా ఉంది. నా ఉత్తరాలన్నీ తీసి చూడు. పెట్టె వసారాలో ఉందని రాశాను. పెట్టె ఉంది. అందులో కేకు ఉందని ఎక్కడైనా రాశానా? ఎవరిచ్చారో తెలియని తిండి తిననన్నాను. తినలేదు. ఎవరిచ్చారో మూత తీయగానే తెలిసింది. క్రీము మెలికలన్నీ ఎడమవైపుకి తిరిగి ఉన్నాయి. ఈ ఊళ్ళో ఎడమ చేత్తో క్రీము పిండేది ఒక్కతే. బడి వంటశాలలో ఇరవై రెండేళ్ళు నా పక్కన నిలబడి పిండింది, నా మోచేతికి తగిలిస్తూ.

ఆ సాయంత్రమే తినేశాను. ప్లేటు కూడా తీసుకోలేదు. సింకు దగ్గర నిలబడి, చెంచాతో, మొత్తం. ముల్లంగి పొయ్యి మీద మాడిపోయింది.

మరి వారం రోజులు నిన్నెందుకు తిప్పానంటావా? తను వచ్చి గంట మోగిస్తుందని. పేరు అడిగింది తెలియక కాదు, తను తన నోటితో చెబుతుందని. హిరబయాషి గారికి చేప పంపింది కూడా ఆవిడని ఉడికించడానికే. అదొక్కటీ మాత్రం శుద్ధ అబద్ధం. దాని ఫలితం అనుభవిస్తున్నాను. నిన్న మఫ్లర్‌తో సహా గేటు దగ్గరికొచ్చారు. టీ మాత్రం బాగుంది.

కొట్టు మూస్తోందని నాకు తెలియదు. తెలిస్తే ఇరవై ఐదునే రాసేదాన్ని. నీ ఉత్తరం చదివాక రాత్రి కూర్చుని ఏడ్చాను, అది కూడా రాసేస్తున్నాను, దాచేదేముంది.

ఇప్పుడు నువ్వు చెయ్యవలసింది. రేపు పదకొండు గంటలకి కోటో వాయిద్యం ఆపి, కింద రాసింది లౌడుస్పీకర్లో చదువు. మినెకొకి చీటీగా ఇవ్వొద్దు. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. ఆ రోజు వరుసలో ఉన్న ముప్ఫై మందిలో బతికున్నవాళ్ళందరూ వినాలి. గొణగకుండా చదువు.

ఇక్కడినుంచి చదువు:

మినెకొ, నేను హత్సుయెని. కేకు పొడిగా లేదు. నోట్లో పెట్టుకుంటే ఉంది, మింగేలోపు లేదు. అంత మెత్తగా ఉంది.

ఇంకొకటి విను. పదకొండేళ్ళ నాటి కేకు కూడా పొడిగా లేదు. ఆ రోజు నీ కొట్లో వరుసలో గంటసేపు నిలబడ్డాను. లోపల నువ్వు కొత్త ఏప్రన్ కట్టుకుని నవ్వుతూ అమ్ముతున్నావు. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. ఇరవై రెండేళ్ళు మనిద్దరం కలిసి చేసిన వాటన్నిటికన్నా బాగుంది. నేను లేకుండా చేశావు, నేను లేకపోతే ఇంకా బాగా చేశావు. కడుపు మండింది. అందుకే ఆ మాటన్నాను. అంతకన్నా కారణం లేదు. అబద్ధం నాది, పదకొండేళ్ళు మోసింది నువ్వు. తప్పయిపోయింది.

తిరుగు కానుక సంగతి. చేప నీకు ఇష్టం లేదని నాకు తెలుసు, వంటశాలలో నీ వాటా నేనే తినేదాన్ని. కాబట్టి చేప ఇవ్వను. ఓవెన్ బేరం వెనక్కి తీసుకో. నీ మణికట్టు పోయిందట. నావి రెండూ బాగానే ఉన్నాయి. నీ నోటికి మనుషులు రెండు రోజులు ఆగరట. నేను ఇరవై రెండేళ్ళు ఆగాను.

హత్సుయె

తా.క. మినెకొ, పొద్దున పనికి ఎన్నింటికి రావాలో అదే మైకులో చెప్పు. వీధి బయట స్తంభం దగ్గర నిలబడి ఉంటాను, ఇటువైపే.